దేవుడి మీదికి నెట్టిన నేరం

కాలర్లు కుట్టే ఆమెను బట్టల ఫ్యాక్టరీలో అందరూ జపాలక్క అనేవాళ్లు. మిషన్ తిరుగుతున్నంతసేపూ పెదవులు కదులుతూనే ఉండేవి. దారం తెగితే దేవుణ్ణి తలుచుకునేది, సూది విరిగితే ఆయనతోనే తగువు పెట్టుకునేది.

"పైవాడికి నీ గొడవతోనే సరిపోతుందే తల్లీ! ఇక మా మొర ఎప్పుడు వింటాడు?" అని పక్క మిషన్ ఆమె వేళాకోళం చేసేది.

భర్త పోయిన ఏడాది జపాలక్కను నిలబెట్టింది దేవుడితో ఆ కబుర్లే.

వయసులో ఆమె కంటే చిన్నదైన తోడికోడలు పై అంతస్తులో ఇస్త్రీ చేసేది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు గానీ, వీళ్లిద్దరి దగ్గర ఆ సామెత చెల్లలేదు. అంత చనువు.

మెట్ల పక్కన ఇనుప కమ్మీ ఊగుతోందని అందరూ సూపర్‌వైజర్‌కి చెప్పారు. "చూద్దాంలే" అన్నాడు. మళ్లీ చెబితే, "పని ఎగ్గొట్టడానికి మీకేదో ఒక వంక కావాలి" అని కసిరాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చివరికి ఓ ఉదయం బట్టల మూటతో దిగుతూ తోడికోడలు తూలి, ఆ కమ్మీనే పట్టుకుంది. అది ఊడి చేతికొచ్చింది. కింద పడి తుంటి ఎముక విరిగింది.

మర్నాడు యజమాని అందరినీ మిషన్ల మధ్య నిలబెట్టాడు. పొడి కళ్లను కర్చీఫ్‌తో ఒత్తుకున్నాడు.

"ఏం చేస్తాం? అంతా దైవసంకల్పం" అని నిట్టూర్చి, జపాలక్క వైపు తిరిగాడు. "నువ్వు భక్తురాలివట కదమ్మా. ఆమె కోలుకోవాలని నువ్వే ప్రార్థన చెప్పు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చెప్తానయ్యా. కమ్మీ ఊగుతోందని మేం మొత్తుకుంది దేవుడి దగ్గర కాదు, మీ సూపర్‌వైజర్ దగ్గర. దాన్ని బిగించాల్సింది దేవుడా? మా ఆయన పోయినప్పుడు నా పక్కన కూర్చున్నవాడండీ ఆయన! మీ తప్పు మోయడానికి మీ దగ్గర కూలికి చేరాడా?"

"నోర్ముయ్! వెళ్లి మిషన్ మీద కూర్చో" అని సూపర్‌వైజర్ గుడ్లురిమాడు.

"కమ్మీ బిగించేదాకా కూర్చోను. ఇదే నా ప్రార్థన."

పక్క మిషన్ ఆమె కూడా కూర్చోలేదు. ఆమెను చూసి ఇంకెవరూ కూర్చోలేదు. అన్నాళ్లూ దొరకని వెల్డింగ్ మనిషి మధ్యాహ్నానికల్లా ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో! జపాలక్కను మాత్రం కాలర్ల నుంచి తప్పించి, మరుగుదొడ్డి పక్కన దారప్పోగులు కత్తిరించే పనిలో పడేశారు. యజమాని ఆసుపత్రి గడప తొక్కలేదు.

ఓ సాయంత్రం ఆసుపత్రిలో జపాలక్క తనకు తల దువ్వుతుంటే తోడికోడలు అడిగింది.

"దేవుడు నాకే ఎందుకిలా చేశాడక్కా?"

"ఆయన చెయ్యలేదే. చేసిందెవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు. చూస్తూ ఎందుకు ఊరుకున్నావని మాత్రం ఆయన్ని రోజూ కడిగేస్తున్నా."

"ఏమంటాడు?"

"ఏమంటాడు, వింటాడు. విసుక్కోకుండా వినేవాళ్లు నాకింకెవరున్నారే? ఆ ధైర్యంతోనే పొద్దున్నే లేచి ఆ కొంపకి పోతున్నా."

చిన్నది నవ్వబోయి నొప్పితో మూలిగింది.

కొన్ని నెలలకు కర్ర ఊతంతో నడుస్తూ మళ్లీ పనిలోకి వచ్చింది. కుంటిదానికి ఇక్కడ పనేముందని ఫ్యాక్టరీవాళ్లు తిప్పి పంపబోయారు. ఆ మాట చెవిన పడగానే జపాలక్క కత్తెర బల్ల మీద పడేసి, తోడికోడలి చెయ్యి పట్టుకుని, యజమాని గది తలుపు దబదబా బాదింది.