చెవికో గది

మా అక్క భర్తను పనిచేసే చోట అందరూ సున్నం సారు అంటారు. ఇంట్లో మాకు బావే. కొత్తగా ఏది కట్టాలన్నా, ఏది సర్దాలన్నా ఆయన ముందు కాగితం తియ్యడు, సున్నం డబ్బా తీస్తాడు. ఖాళీ నేల మీద గోడలు, తలుపులు, బల్లలు అసలు కొలతల్లోనే గీసేసి, రేపు అక్కడ పనిచెయ్యబోయే వాళ్లను పిలిచి ఆ గీతల మధ్య పని నటించమంటాడు. గీత తొక్కితే గోడకు గుద్దుకున్నట్టే లెక్క.

ఈ అలవాటుకు కారణం ఆయన పెరిగిన అద్దె ఇల్లు. అందులో వంటగది తలుపు తెరిస్తే బీరువా తెరుచుకునేది కాదు, బీరువా తెరిస్తే వాళ్ల నాన్న స్నానాల గదిలోంచి బయటికి రాలేకపోయేవాడు. ఆ ఇంటిని కట్టినవాడు అందులో ఒక్క పూట కూడా కాపురం చేసి ఉండడని బావ ఇప్పటికీ పళ్లు నూరుతుంటాడు. పెళ్లయిన కొత్తలో అక్కను డాబా మీదికి తీసుకెళ్లి, తాము చేరబోయే ఇంటిని సున్నంతో గీసి, టీ గిన్నె పట్టుకున్నట్టు నడవమన్నాడట.

"మూడుసార్లు గోడలోంచి నడిచావు," అన్నాడట బావ.

"నాలుగోసారి తిన్నగా పుట్టింట్లోకే నడుస్తాను," అందట అక్క.

బావ ఫ్యాన్ల కంపెనీలో ఇంజనీరు. యజమానిని మేమంతా పెద్దాయన అంటాం. ఆయన ఉండేది సముద్రానికి అవతల. ఆయనకు ఇది పరాయి దేశం, మాకు ఇల్లు. ఇక్కడ అద్దె షెడ్డులో మొదలుపెట్టిన పని కలిసొచ్చింది కాబట్టి సొంత ఫ్యాక్టరీ కట్టమన్నాడు. ఏ పద్ధతిలో కట్టాలో తేల్చే భారం బావ మీద పెట్టాడు. చిక్కల్లా గడువుతోనే. వానాకాలం వెళ్లగానే అద్దె షెడ్డు ఖాళీ చెయ్యాలి. ఈలోగా కొత్త కప్పు కింద యంత్రాలు తిరగకపోతే, బావ ఒక్కొక్కరికీ చెయ్యి పట్టుకుని పని నేర్పిన మనుషులంతా తలో దిక్కూ అయిపోతారు. అలాంటి జట్టు మళ్లీ కుదరదని ఆయన బెంగ.

మామూలుగా కాంక్రీటు పోసి కడితే అప్పటికి సగం కూడా లేవదు. ఎక్కడో పోసిన గోడలను లారీల మీద తెప్పిద్దామంటే దారిలోని పాత వంతెన ఆ బరువు మొయ్యదు. మిగిలింది ఉక్కు. స్తంభాలు, దూలాలు కొలతకు తయారై వస్తాయి, బోల్టులు బిగించి పైన రేకులు పరిచేస్తే సరి. పెద్దాయన మొగ్గూ అటే. బావ ఎప్పటిలాగే స్థలమంతా సున్నంతో గీసి, ఒక ఆదివారం సాయంత్రం జట్టునంతా పిలిచాడు.

మా పాపను ఎత్తుకుని నేనూ వెళ్లాను. దానికి అప్పుడు ఎనిమిదో నెల. సున్నం పొడి పసిపిల్లల కళ్లకు ఎంత ప్రమాదమో నాకు తెలుసు. కాలేజీలో చెప్పేది భౌతికశాస్త్రమే అయినా రసాయనాల గురించి భయపడేంత చదువుకున్నాను. అందుకని గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి ఎదురు దిక్కున నిలబడ్డాను. గాలి మారినప్పుడల్లా నేనూ మారాను. "మరదలు పిల్ల మన గాలి మర," అన్నాడు బావ. అందరూ నవ్వారు.

గీతల మధ్య పని మొదలైంది. తీగ చుట్టేవాళ్లు లేని తీగ చుట్టారు, రెక్కలు బిగించేవాళ్లు లేని రెక్కలు బిగించారు. ఒకతను గీతలోంచి దూసుకెళితే పక్కనున్నవాళ్లు "అయ్యో, తలకు తగిలిందా" అంటూ నుదురు తడిమారు. చివరి బల్ల దగ్గర జట్టంతా చెవుల పిన్ని అని పిలిచే ఆవిడ కూర్చుంది. పెట్టెలోకి వెళ్లే ముందు ప్రతి ఫ్యానూ ఆవిడ ముందు తిరగాల్సిందే. లోపల బేరింగు కాస్త గరగరమన్నా ఆవిడ చెవికి తెలిసిపోతుంది, ఫ్యాను వెనక్కి పోతుంది. ఆ సాయంత్రం ఆవిడ తల పక్కకు వాల్చి, కళ్లు మూసుకుని, లేని ఫ్యాన్లను విన్నది. అన్నీ బాగున్నాయంది. బావ పొంగిపోయాడు.

మరుసటి ఆదివారం అక్కా బావా మా ఇంటికి భోజనానికి వచ్చారు. మేముండేది పై అంతస్తులో. వరండాకు రేకుల కప్పు, అందులో ఒక పాత టేబుల్ ఫ్యాను. అది తిరిగినంతసేపూ కిర్రుమంటుంది. ఉక్కు ఆర్డరు రేపే పంపిస్తున్నానని బావ ఉత్సాహంగా చెబుతుండగా వాన మొదలైంది.

ఆ రేకుల కింద వాన అంటే వాన కాదు, డప్పుల దండు. నిద్రపోతున్న పాప ఉలిక్కిపడి లేచింది. దాని చెవులకు ఏమవుతుందోనని నేను ఫోనులో మోత కొలిచే మీటరు తెరిచాను. ముల్లు ఎర్ర గీత దాటింది. బావ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, పెదవులు కదలడమే కనిపిస్తోంది. ఉన్నట్టుండి ఆపేశాడు. చూపు టేబుల్ ఫ్యాను మీద పడింది. అది తిరుగుతోంది, కిర్రు మాత్రం వినపడటం లేదు. లేచి వెళ్లి దాని జాలీకి చెవి ఆనించాడు. అప్పుడూ వినపడినట్టు లేదు. చెయ్యి కూడా కడుక్కోకుండా అలాగే కూర్చుండిపోయాడు.

వాన వెలిశాక నావైపు తిరిగాడు.

"పిన్ని ఏం వింటుంది ఇందులో? అద్దె షెడ్డుది పెంకుల కప్పు కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదు. అన్నీ నటింపజేశాను, వానను పిలవడం మరిచిపోయాను."

"బావా, రేకుల కింద దళసరిగా ఏదైనా వేయిస్తే?"

"ఎండ ఆగుతుంది. మోత కొంతే తగ్గుతుంది. బేరింగు గరగర దోమ పాటంత ఉంటుంది మరదలా."

ఉక్కు మానుకుంటే జట్టు చెదిరిపోతుంది. ఉక్కే కడితే, ఇక్కడ కురిసే వానలకు పిన్ని సగం రోజులు చెవులు మూసుకుని కూర్చోవాలి, పాడు ఫ్యాన్లు జనం నెత్తి మీదికి పోతాయి. మోతను ఆపేది ఏదని ఆయన అడిగితే నేను పాఠం చెప్పినట్టే చెప్పాను: బరువైన గోడ, దాని చుట్టూ ఖాళీ, ఊగే రేకుకు గోడ ఎక్కడా తగలకుండా ఉండటం. పాపను భుజం మీద వేసుకుని చెప్పడం వల్ల సగం మాటలు జోలపాటలా వచ్చాయట. అక్క ఇప్పటికీ అనుకరిస్తుంది.

మర్నాడు ఆర్డరు పంపకుండా, బావ తడి నేల మీద పాత గీతల మధ్యలో ఇంకో చిన్న చతురస్రం గీశాడు. షెడ్డు ఉక్కుదే. దాని కడుపులో, దేనికీ ఆనకుండా, మందపాటి కాంక్రీటు గది ఒకటి. గోడలను లారీ మీద తేనక్కర్లేదు, అక్కడే నేల మీద పడుకోబెట్టి పోస్తారు. గట్టిపడ్డాక, స్తంభాలు ఎత్తడానికి ఎలాగూ వచ్చే క్రేనుతోనే లేపి నిలబెట్టి, పైన పలకలు కప్పుతారు. ఉక్కు పని ఒక్క రోజు కూడా ఆగదు.

పెద్దాయనను ఒప్పించడం అంత తేలిగ్గా జరగలేదు. ఇంట్లో ఇల్లు కట్టే పిచ్చి ఎక్కడా చూడలేదన్నాడు. బావ వాదించలేదు. ఇంకో వాన కోసం కాచుకుని, మా వరండాలోంచి ఫోను చేసి, టేబుల్ ఫ్యాను ముందు పట్టుకున్నాడట. వాన హోరు తప్ప ఏమీ వినపడటం లేదని పెద్దాయన కేకలేశాడు. "మా పిన్నికీ అంతేనండీ," అన్నాడు బావ. పెద్దాయన ఆ రోజే ఒప్పుకున్నాడు.

అద్దె షెడ్డు ఖాళీ చెయ్యడానికి ఇంకా వారం ఉందనగా కప్పు పూర్తయింది. కానీ అప్పటికి వానలు వెళ్లిపోయాయి. గది పనికొస్తుందో లేదో తేలకుండా యంత్రాలు దింపనన్నాడు బావ. తెలిసినవాళ్లను బతిమాలి ఒక ఫైరింజన్ తెప్పించాడు. నాకు కబురొచ్చింది: "నీ మీటరు తెచ్చుకో. నీ కూతుర్నీ తీసుకురా, దానికి మించిన మీటరు లేదు."

నేను షరతులు పెట్టాను. గది రెండుసార్లు కడగాలి, సిమెంటు దుమ్ము ఉండకూడదు, తలుపు దగ్గర మనిషి ఉండాలి. అన్నింటికీ తలూపాడు. వెళ్లి చూస్తే తలుపు దగ్గర కాపలాగా కుర్చీ వేసుకుని మా అక్క కూర్చుంది.

పాప నా ఒళ్లో నిద్రపోయింది. బయట గొట్టం విప్పారు. తలుపు తెరిచినప్పుడు రేకుల మీద నీళ్ల హోరు, మూశాక ఎక్కడో పక్క వీధిలో వాన పడుతున్నంత. మీటరు ముల్లు దిగింది. పాప కదల్లేదు. చెవుల పిన్ని ఒకదాని తర్వాత ఒకటి ఫ్యాన్లు తిప్పించుకుంటూ తలూపుతోంది. బావ మాత్రం గోళ్లు కొరుక్కుంటున్నాడు. అన్నీ బాగున్నాయని పిన్ని ఇంతకు ముందూ అంది, లేని ఫ్యాన్లను విని.

ఓ ఫ్యాను దగ్గర ఆవిడ తల పక్కకు వాలింది. కళ్లు మూసుకుంది. స్విచ్ ఆపింది.

"ఇది వద్దు సారూ. లోపల గరగరమంటోంది, వెనక్కి పంపండి."

పాడైన ఫ్యానుకు అంత సంబరపడిన మనిషిని నేనెక్కడా చూడలేదు. బావ చప్పట్లు కొట్టాడు, తలుపు తోసుకుని పరిగెత్తి "దొరికింది, దించెయ్యండి" అని బయట యంత్రాల లారీ వాళ్లకు కేకేశాడు. జట్టంతా చప్పట్లు అందుకుంది. అంత నీటి హోరుకూ లేవని మా పాప ఆ చప్పట్లకు లేచి, గదంతా మారుమోగేలా ఏడ్చింది.

పిన్ని దానివైపు తల వాల్చి విన్నది. "ఇది బాగుంది," అంది.