రేపల్లె గడి

తెనాలి రక్తపరీక్షల ల్యాబు ఆఫీసులో పదకొండేళ్లుగా బ్రాంచీల రోజువారీ టెస్టుల లెక్కల షీట్లు చూసే క్రిస్టినాకి ఒక అలవాటు. గడి ఖాళీగా కనబడితే చాలు, కళ్లజోడు నెత్తిమీదికి తోసి ఆ బ్రాంచికి ఫోన్ చేస్తుంది. డేటా ఎనలిస్టు సర్టిఫికెట్ పరీక్షలో అదే అడిగారు: గడి ఖాళీగా ఉంటే ఏం చేయాలి? ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఫోన్ చేయడం లేదు. సగటు వేసి నింపడమే సరైనదట. ఆ ఒక్క మార్కుతోనే తప్పింది. మర్నాడే మేనేజరు షీట్లను సర్టిఫికెట్ ఉన్న కృష్ణకాంత్‌కి అప్పగించి, ఆమెను రిపోర్టుల కవర్లు అంటించమన్నాడు.

గురువారం పొద్దున ఖాళీగా ఉన్న రేపల్లె బ్రాంచి గడిలో మధ్యాహ్నానికి కృష్ణకాంత్ సగటు వేసి నలభై అని నింపాడు. క్రిస్టినాకి ఒళ్లు మండిపోయింది. కవరు పక్కన పడేసి రేపల్లె బ్రాంచికి ఫోన్ చేసింది.

"కృపారావన్నా, నిన్న ఎంతమందికి టెస్టులు చేశారు?"

"ఒక్కరికీ లేదమ్మా, మిషన్ ఆగిపోయింది. గడి ఖాళీగా వదిలితే నువ్వే ఫోన్ చేస్తావని చూస్తున్నాం. జ్వరాలవాళ్లు నిన్నటి నుంచీ తిరుగుతున్నారు."

ఆమె స్పీకర్ పెట్టి, ఫోన్ మేనేజరు బల్లమీద ఉంచి ఆయన్ని అడిగింది.

"నలభైమందికి చేసేశామని మీ షీట్లో ఉందండి. వాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి."