కార్యదర్శి గారి అటక

మా కొబ్బరి వర్తక సంఘం కార్యదర్శి గారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్న ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. అప్పుడు నేను సంఘం ఉత్తరమే టైపు చేస్తున్నాను. కింద ఆయన సంతకానికి జాగా వదిలి ఉంది. ఆ కాగితం మిషన్లోంచి తీయబుద్ధి కాలేదు.

అంబాజీపేటలో పదమూడేళ్లు ఆయన దగ్గర టైపిస్టుగా చేశాను. ఆయన ఇంటి ముందు హాలే మా ఆఫీసు. నేను చేరేనాటికి వాళ్లావిడ పోయి ఏడాది కావొస్తోంది. ఆవిడ చివరిసారి ఎక్కించిన కాయలు మా నెత్తిమీద అటక నిండా ఉన్నాయి. కొబ్బరికాయని పీచుతో సహా అటకెక్కించి పది పన్నెండు నెలలు వదిలేస్తే లోపల నీళ్లు ఇంకిపోతాయి. ఎండిన కొబ్బరి, చిప్పనుంచి ఊడిపోతుంది. ఊపితే గలగలమంటుంది. అదే కురిడీ. కాయ పలికిందంటే దించి అమ్ముకుంటారు. ఈ కాయలు పలికి ఎన్నాళ్లయినా ఆయన దించలేదు.

చేరిన వారంలోనే ఓ మిట్టమధ్యాహ్నం, ఆకు కదలని ఉక్కలో, పైన ఓ కాయ గలగలమంది. అచ్చం ఎవరో చెవి దగ్గర పెట్టుకుని ఊపినట్టే. నా వేళ్లు ఆగిపోయాయి.

"భయపడకమ్మా, చూసుకుంటోంది" అన్నారాయన, రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండా.

ఎవరని నేను అడగలేదు. దయ్యాలు లేవని చెప్పి పెంచిన ఇంట్లో, ఆదివారం తప్పకుండా చర్చికెళ్లే ఇంట్లో పుట్టినదాన్ని. అయినా ఆ సాయంత్రం ఇంటికి నడవలేదు, పరిగెత్తాను.

మినిట్సు పుస్తకం దగ్గర మాత్రం ఆయన మహా మొండి. "విన్నది రాయమ్మా, అనుకున్నది రాయకు" అనేవారు. ఓసారి మీటింగులో అధ్యక్షుల వారు కోపమొచ్చి బల్ల గుద్దారు. అది రాయాలా అని నసిగాను. "గుద్దేరా లేదా? గుద్దేరు. రాసెయ్" అన్నారు. అధ్యక్షుల వారు నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.

ఎనభైల మొదట్లో ప్రభుత్వం సరుకు నిల్వల మీద ఓ బిల్లు తలపెట్టింది. కొబ్బరి మూడు నెలలు దాటి ఉంచితే దొంగ నిల్వేనట. ఆ లెక్కన అటక మీద కురిడీ కట్టుకున్న ప్రతి ఇల్లూ నేరం చేసినట్టే. మా వైపు ఎంతోమందికి ఏడాదికోసారి చేతికొచ్చే డబ్బు అదే. కురిడీకి ఏడాది గడువివ్వండి మహాప్రభో అని ఆయన మహజరు రాశారు. నా చేత పదకొండుసార్లు టైపు కొట్టించారు. "ఈ వాక్యంలో ఇంకా కేకలు వినపడుతున్నాయమ్మా, తగ్గించు" అని ప్రతిసారీ వెనక్కిచ్చేవారు.

అభిప్రాయాలు వినడానికి శాసనసభ కమిటీ మా హాలుకే వచ్చింది. మా సభ్యులు ముప్పైమందీ ఒకేసారి మాట్లాడారు. అప్పుడు పైన గలగలమంది. అందరి నోళ్లూ మూతపడ్డాయి.

కమిటీ పెద్దాయన పైకి చూశారు. "పైన ఎవరున్నారండీ?"

"ఎవరూ లేరండీ. కురిడీ కాయలండీ" అన్నారు కార్యదర్శి గారు.

"ఎక్కించి ఎన్నాళ్లయింది?"

అధ్యక్షుల వారు కళ్లతోనే బతిమాలుతున్నారు. పది నెలలంటే సరిపోతుంది.

"ఆరేళ్లండీ."

"మరి ఏడాది గడువు చాలునని మీరే రాశారు కదా?"

"ఆయ్. వర్తకానికి ఏడాది చాలండీ. ఇవి మా ఆవిడ ఎక్కించిన కాయలండీ. ఎప్పుడు దించాలో చెప్పకుండా వెళ్లిపోయింది."

పైన మళ్లీ గలగలమంది. పెద్దాయన టీ కప్పు బల్ల మీద పెట్టేసి, మా మహజరు మడిచి జేబులో పెట్టుకున్నారు.

చట్టం ఏడాది గడువుతోనే వచ్చింది. మావాళ్లు పూలదండ పట్టుకొచ్చేసరికి ఈయన అటకకి నిచ్చెన వేస్తున్నారు. ఒక్కో కాయా చెవి దగ్గర ఊపి, విని, కిందకి అందించారు. నేనే అందుకున్నాను.

"ఇవి అమ్మే సరుకు కాదు కదండీ, ఎవరడుగుతారు?" అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

"మనం అడిగిందే ఇచ్చేరమ్మా. అడిగిన నోటితోనే తప్పుతామా?"

ఆఖరి కాయని మళ్లీ మళ్లీ ఊపి విన్నాకే అందించారు. ఆ రోజు ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నానన్న గర్వమూ అంతే ఉంది.

అటక ఊడ్చి వదిలేశాం. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒక్క చప్పుడు లేదు. మధ్యాహ్నం పూట ఆయన కలం పక్కనబెట్టి తల ఓ పక్కకి వంచి కూర్చునేవారు.

"ఏవన్నా వినపడిందామ్మా?"

"లేదండీ."

"ఆయ్" అని మళ్లీ కాగితాల్లో పడేవారు. ఒక్కసారైనా వినపడిందని అబద్ధం చెప్పాలనిపించేది. ఆయన దగ్గర నేర్చుకున్న నోరు, రాలేదు.

నిన్న అదే హాల్లో సంతాపసభ పెట్టాం. రెండు నిమిషాల మౌనానికి అందరం లేచి నిలబడ్డాం. పైన కాయ పలికింది. కాస్త ఆగి, ఇంకోసారి. ఒక్కరూ తలెత్తలేదు. "ఎలకలండీ" అని నా పక్కన ఎవరో గొణిగారు. ఉత్త చెక్కల మీద ఎలకలు దేన్ని ఊపుతాయి?

సభ అయ్యాక మినిట్సు పుస్తకం తెరిచాను. అనుకున్నది రాయలేదు, విన్నదే రాశాను: "మౌనం పాటిస్తుండగా అటక మీద కాయ పలికింది, రెండుసార్లు." అప్పుడు బల్ల గుద్దిన అధ్యక్షుల వారే ఇప్పుడూ ఉన్నారు. కళ్లజోడు పెట్టుకుని చదివారు. ఖాళీ అటకకేసి ఓసారి చూశారు. కింద సంతకం పెట్టారు.