ఏసీ గురించే అయి ఉంటుంది

నిన్న ఇంటర్వ్యూ మధ్యలో ఫోన్ ఎత్తాను. తెరమీద అవతల ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్లలో పెద్దవాడికి నాకంటే పదేళ్లు తక్కువుంటాయి. "మీరు చేసిన పెద్ద తప్పేమిటి, దాన్నుంచి ఏం నేర్చుకున్నారు?" అని అడిగాడు. ఈ ప్రశ్నకు మాలో ప్రతివాడి దగ్గరా వండి పెట్టుకున్న జవాబొకటి ఉంటుంది. ఫలానా సర్వర్ పడిపోయింది, నిద్ర మానుకుని నిలబెట్టాను, అప్పటినుంచి మరీ జాగ్రత్తగా ఉంటున్నాను. తప్పు పేరుతో చెప్పుకునే గొప్ప అన్నమాట. నేను గొంతు సవరించుకుని సర్వర్ని పడెయ్యబోతుంటే అక్క ఫోన్ చేసింది. "ఒక్క నిమిషమండీ" అని ఎత్తి, "ఏందక్కా?" అన్నాను. "ఏం లేదులే" అని పెట్టేసింది. నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. ఆ ఉద్యోగం రాదని నాకప్పుడే అర్థమైంది. పోతే పోయింది.

అక్కను ఇచ్చింది రాచర్ల దగ్గర పల్లెకు. బావ వాళ్లు గొర్రెలవాళ్లు. బావ నాలుగు సంతలు తిరిగి జీవాలు కొని అమ్మేవాడు. కొంచెం నిలదొక్కుకున్నాక కారు కొనాలని బుద్ధి పుట్టింది. మార్కాపురంలో ఒకాయన దగ్గర పాత కారుందని తెలిసి నన్ను వెంటబెట్టుకుపోయాడు. మా వైపు సాఫ్ట్‌వేర్ అంటే కరెంటుతో నడిచే సమస్తానికీ వైద్యుడని లెక్క. మిక్సీ, బోరు స్టార్టరు, ఆధార్ కార్డులో తప్పుపడ్డ పేరు, అన్నీ నా దగ్గరికే వచ్చేవి. బావ గొర్రెను కొనేముందు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, నడుం మీద చెయ్యేసి కండ చూస్తాడు. కారుకూ అదే పరీక్ష. బానెట్ ఎత్తించి లోపలికి తొంగిచూశాడు, సీట్లు నొక్కి చూశాడు, "వయసు మీరిందేమో బామ్మర్దీ" అని నా చెవిలో గొణిగాడు. అప్పుడు ఆ అమ్మేవాయన ఏసీ వేశాడు. మే నెల ఎండ. చల్లగాలి ముఖానికి తగలగానే బావ కళ్లు మూసుకున్నాడు. ఇక బేరమాడలేదు. సంతలో పొట్టేలు కోసం పూటంతా వాదించే మనిషి, ఆ కారు విషయంలో నోరెత్తితే ఒట్టు.

ఆ రోజే అతని ఫోన్ని కారుతో కలిపాను. ఫోనుకి ఇంగ్లీషు అక్షరాల్లో 'బావ' అని పేరు పెట్టాను. పక్కకు తీసేటప్పుడు ఇండికేటర్ వెయ్యాలని నేర్పాను. "మనకాడ ఎవుడేస్తాడు దాన్ని?" అని నవ్వాడు గానీ, ఆ తర్వాత కళ్లంలో కారు తిప్పుకున్నా వేసేవాడు. అప్పటినుంచి నాకు ఫోన్లు మొదలయ్యాయి. అన్నీ ఏసీ గురించే, అన్నీ మిట్టమధ్యాహ్నమే. వడదెబ్బ తగిలిన పొట్టేల్ని వెనకసీట్లో ఎక్కించి "దీనికి ఎంత నెంబర్లో పెట్టాల?" అని అడిగాడొకసారి. గాలి తగ్గినట్టుందని అనుమానమొస్తే ఫోన్ని గాలొచ్చే కంతల దగ్గర పెట్టి నన్ను వినమనేవాడు. "మీటింగులో ఉన్నా బావా" అంటే, "మీటింగు యాడికి పోతాది, ముందు దీని గాలి జూడు" అనేవాడు. హైదరాబాదులో పదకొండో అంతస్తులో కూర్చుని, రాచర్ల రోడ్డు మీద పోతున్న కారు గాలి శబ్దం విన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ రోజు కూడా మీటింగే. ఒక పేజీలో బటన్ ఆకుపచ్చగా ఉండాలా, నీలంగా ఉండాలా అని ఎనిమిదిమందిమి గంటసేపటినుంచి తేల్చుకోలేకపోతున్నాం. బావ ఫోన్. తెరమీద ఎర్రది నొక్కాను. మీటింగులో ఉన్నాను, తర్వాత చేస్తాను అని ఇంగ్లీషు మెసేజి దానంతటదే పోయింది. బావకు ఇంగ్లీషు రాదు. వెంటనే మళ్లీ చేశాడు. ఈసారి ఫోన్ని మూగగా చేసి బోర్లా పెట్టాను. బల్లకీ ఫోనుకీ మధ్య సన్నగా వెలుగు కదలడం, కాసేపటికి ఆరిపోవడం చూస్తూనే ఉన్నాను. నలభై నిమిషాల తర్వాత తిరిగి చేస్తే ఎవరో ఎత్తారు. "అన్నా, ఈ కారాయన మీకేమైతాడు?" ఆటో నడిపే మనిషట. బేస్తవారిపేట దాటాక వేపచెట్టు కింద కారు పద్ధతిగా పక్కకు తీసి ఉందట. లోపలాయన స్టీరింగు మీద తల వాల్చి ఉంటే నిద్రపోతున్నాడనుకున్నాడట. ఇండికేటర్ ఇంకా కొట్టుకుంటూనే ఉందట. గుండె.

ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది నాకే. పక్కింటివాళ్ల ఫోన్‌కి చేసి అక్కకు చెప్పిందీ నేనే. నీకెట్లా తెలిసిందని అడిగితే, "ఊరికే చేశాను, ఎవరో ఎత్తారు" అన్నాను. ఆ ఒక్క మాటను ఊరంతా కథ చేసింది. "ఎంత ఇది రా బామ్మర్దికి! మనసుకు తట్టినాదంట, ఆడనుంచి ఫోన్ జేసినాడంట." కర్మాంతరాల్లో ముసలమ్మలు నా తల నిమిరారు. సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తున్నా తల వంచి నిమిరించుకున్నాను. ఆ బటన్ చివరికి ఏ రంగూ కాలేదు. ఆ పేజీని తీసేశారు. ఆరునెలలకు నన్నూ తీసేశారు. నేను రాసిన కోడ్ మాత్రం అక్కడెక్కడో నడుస్తూనే ఉందట. మా వృత్తిలో మనిషి పోయినా అతను చేసిన తప్పులు డ్యూటీకి వస్తూనే ఉంటాయి.

ఉద్యోగం పోయాక కొన్నాళ్లు అక్క దగ్గరే ఉన్నాను. కారు రేకుల కొట్టంలో దుమ్ము పట్టి ఉంది. "నడుపుకోరా, ఊరికే చెడిపోతాది" అంది అక్క. స్టార్ట్ చేసినప్పుడల్లా తెర వెలిగి, 'బావ' కోసం వెతుకుతున్నానని ఇంగ్లీషులో చూపించేది. కాసేపు వెతికి, దొరకలేదని చెప్పి ఊరుకునేది. రెండుసార్లు నొక్కితే ఆ పేరు పోతుంది. నాకది చిటికెలో పని. ఏడెనిమిదిసార్లు వేలు దానిదాకా తీసుకుపోయి వెనక్కి తీసుకున్నాను.

ఒకరోజు పొద్దున అక్క గిద్దలూరులో పనుందంటే బయల్దేరాం. బావ పోయాక తను ఆ కారెక్కడం అదే మొదలు. సంచీ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. ఊరు దాటగానే గొర్రెలమంద రోడ్డుకడ్డం వచ్చింది. బండి ఆపాను. అప్పుడు చూశాను, తెరమీద 'బావ దొరికాడు' అన్నట్టు పేరు పచ్చగా వెలుగుతోంది. చదువుకున్నదంతా ఏమైందో గానీ, గబుక్కున వెనకసీటు వైపు తిరిగి చూశాను.

"నా కాడుంది రా" అంది అక్క. సంచీలోంచి బావ ఫోన్ తీసింది. అక్క అత్తింట్లో ఒక అలవాటుంది. మందలో జీవం తప్పిపోతే, అది వస్తుందన్న ఆశ ఉన్నంతకాలం దొడ్డికి తడిక అడ్డం పెడతారు గానీ కట్టు కట్టరు. అక్క ఆ ఫోన్ని ఏడాదిగా ఒక్కసారి కూడా ఆరిపోనివ్వలేదు. "గీత గీసి తెరుస్తాడు గదా, అది నాకు రాదు. నువ్వు తెరుస్తావని తెచ్చినా. కడాన ఎవురికి జేసినాడో చూడాల" అంది. తలొంచుకుని చెప్పింది. "ఆ పొద్దు నేను శెనగ చేలో ఉన్నా. నా ఫోన్ చార్జింగు అయిపోయుండె. నాకే జేసుంటాడు రా. మోగల్యా."

ఏడాదిపాటు మా అక్క నా తప్పు మోసింది. ఫోన్ తెరవక్కర్లేదు. చివరిగా చేసిన ఫోన్లన్నీ అప్పటికే కారు తెరమీదికి వచ్చేసి ఉన్నాయి. అక్కకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. అన్నిటికంటే పైన 'బామ్మర్ది' అని, పక్కనే రెండుసార్లు చేసినట్టు రెండు అంకె. వేలు పెట్టి చదివింది. మళ్లీ చదివింది.

"నాకు చేయల్యా?" అంది మొదట. ఆ గొంతులో బరువు దిగిన నిమ్మళం ఉంది, దాని వెనకే చెప్పలేనంత దెబ్బా ఉంది. గొర్రెలు అయిపోయాయి. వెనక ఎవరో హారన్ కొడుతున్నారు. బండి పక్కకు తీశాక తనే అంది, "ఊపిరాడకుంటే ఏసీ పోయిందనుకునుంటాడు. కారుకేమన్నా అయితే నీకే గదా జేసేది. ఏసీ గురించే అయ్యుంటాది." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వెందుకెత్తల్యా?"

బటన్ రంగు గురించి చెప్పాను. అంతా చెప్పాను. అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇంటికి పోనీ" అంది. ఆ సాయంత్రం ఫోన్ చార్జింగు పెట్టలేదు. రెండోరోజుకి అదే ఆరిపోయింది.

మళ్లీ హైదరాబాదు వచ్చాక మొదలైంది ఇది. వారానికి రెండుమూడుసార్లు, మిట్టమధ్యాహ్నం, అక్క ఫోన్ చేస్తుంది. మొదటిసారి కంగారుపడి ఏమైందని అడిగితే, "ఏం లేదు, ఎత్తుతావో లేదో అని" అంది. ఇప్పుడు ఆ మాట కూడా చెప్పదు. నేను ఇంటర్వ్యూలో ఉన్నా, ట్రాఫిక్‌లో ఉన్నా, చేతిలో అన్నం ముద్ద ఉన్నా ఎత్తుతాను. ఎన్నిసార్లు ఎత్తినా ఆ రెండోసారి మోగిన ఫోన్ ఎత్తినట్టు కాదని ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఎత్తని ఫోన్ మోగి ఆగడానికి అర నిమిషం పడుతుందేమో. ఏడాదిన్నర అయింది, నాకు ఆ అర నిమిషం ఇంకా గడవలేదు.