నిలబడిన మనిషిని నమ్మని వెంకటసుబ్బయ్య

ఆదోనిలో పత్తి కమీషన్ అంగడి నడిపే వెంకటసుబ్బయ్య నిలబడిన మనిషిని నమ్మడు. కూర్చున్న మనిషిని సగం నమ్ముతాడు. వెల్లకిలా పడుకుని పది నిమిషాలు కదలకుండా ఉన్న మనిషి మాటైతేనే చెవిన వేసుకుంటాడు. అదీ నోటి మాట కాదు, ఒంటి మాట.

ఈ పిచ్చి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. కొడుకు విఘ్నేష్ తెచ్చిపెట్టాడు. నాయన పొట్ట మీద బెంగతో అరచేతంత యంత్రం ఒకటి ఆన్‌లైన్లో కొన్నాడు. దానికి నాలుగు వైర్లు. రెండు చేతికి, రెండు కాలికి తగిలిస్తే ఒంట్లోకి తెలియనంత కరెంటు పంపుతుంది. నీళ్లున్న చోట కరెంటు సులువుగా పోతుంది, కొవ్వున్న చోట అడ్డం తగులుతుంది. దాన్నిబట్టి ఒంట్లో నీళ్లెంత, కొవ్వెంత అని లెక్క చెబుతుంది.

"ఇంతేనా? ఇది మన తేమ మీటరే కదప్పా," అన్నాడు వెంకటసుబ్బయ్య.

పత్తిలోకి తేమ మీటరు గుచ్చడంలోనే ఆయన జుట్టు నెరిసింది. తడి పత్తిలో కరెంటు పరిగెత్తుతుంది, ఎండు పత్తిలో మొరాయిస్తుంది. మార్కెట్ యార్డులో రైతుకూ మిల్లువాడికీ ఏ విషయంలోనూ పొత్తు కుదరదు గానీ, తేమ ఇంత అని సుబ్బయ్య చెబితే ఇద్దరూ నోరు మూసుకుంటారు. అంకె విషయంలో ఆయన అబద్ధం ఆడింది లేదు. సొంత బావమరిది పత్తికి కూడా తేమ ఉన్నదున్నట్టు చెప్పి, రెండు పండగలకు బావమరిది మొహం చూడకుండా గడిపిన మనిషి.

అలాంటి మనిషికి యంత్రం మొదటిరోజే పరీక్ష పెట్టింది. నిలబడి చూసుకుంటే కొవ్వు ఇరవై ఏడు శాతం. కాసేపు పడుకుని చూసుకుంటే ఇరవై తొమ్మిది. నిలబడినప్పుడు నీళ్లు కాళ్లలోకి దిగుతాయనీ, కరెంటుకు దారి సులువవుతుందనీ, ఉన్నదానికంటే నీళ్లు ఎక్కువున్నాయని యంత్రం మోసపోయి కొవ్వు తగ్గించి చెబుతుందనీ విఘ్నేష్ చదివి వినిపించాడు.

"అంటే నిలబడినోనికి మిషను మొహమాటానికి సెప్తాంది. పండుకున్నోనికి నిజం సెప్తాంది," అన్నాడు సుబ్బయ్య. ఆరోజు నుంచి ఆదోనిలో ఎవరూ ఆయన కంటపడి నిలబడలేకపోయారు.

ఎమ్మిగనూరు అమ్మాయి నవ్యశ్రీకి విఘ్నేష్ సంబంధం వచ్చేటప్పటికే సంగతి వాళ్ల ఊరిదాకా పాకింది. "మంచి మనుషులే," అన్నాడు వాళ్ల చిన్నాన్న. "కాకుంటే పోయినోన్ని పోయినట్టే పండబెడతాండారంట."

పెద్దకడుబూరు రైతు భీమప్ప కథ ఆమె పెళ్లికి ముందే విన్నది. అతను పత్తి దింపి ధర అడిగాడట.

"ధర సెప్తాలే. పొట్టేంది భీమప్పా అట్ల పెంచినావు? రా, పండుకో."

"సావుకారీ, నేను పత్తి అమ్మేదానికి వచ్చినా. పండుకునేదానికి మా ఇంట్లో మంచముంది."

"మీ మంచానికి మీటరుందా?"

భీమప్ప పత్తి నింపిన గోనె బోరేల మీద పడుకున్నాడు. చేయి ఒంటికి తగిలితే కరెంటు అడ్డదారిన పోతుందని సుబ్బయ్య అతని చేతులు రెండూ బారచాపించాడు. తొడలు ఆనకూడదని మధ్యలో తువ్వాలు చుట్టి పెట్టాడు. పది నిమిషాలయ్యేసరికి భీమప్ప గురక. లేపితే లెక్క చెడుతుందని సుబ్బయ్య లేపలేదు. అప్పుడే వచ్చిన రైతు ఒకడు, కాళ్లూ చేతులూ చాపి పడున్న భీమప్పను చూసి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏమైందన్నా ఇతనికి?"

"ధర ఇన్న్యాడు," అన్నాడు పక్కవాడు.

ఆదోని డాక్టర్ శామ్యూల్ కథ ఇంకా గొప్పది. ఆయన ఆసుపత్రిలో నిలబడి చూసుకునే యంత్రం ఉంది. సుబ్బయ్య దాన్ని చూసి "ఇది ముఖస్తుతి మిషను సార్" అన్నాడు. డాక్టరు కాదన్నాడు. మాటా మాటా పెరిగింది. తర్వాతి రోగి తలుపు తోసేసరికి డాక్టరు బల్ల మీద వెల్లకిలా ఉన్నాడు, కుర్చీలో సుబ్బయ్య ఉన్నాడు.

"కొత్త డాక్టరా సార్?"

"నీకేమైంది?"

"కాళ్లు గుంజుతాండాయి."

"అట్లయితే నిలబడినావెందుకు? పండుకో."

ఇదంతా విని కడుపుబ్బ నవ్విన నవ్యశ్రీకి, పెళ్లై ఆ ఇంట్లో అడుగుపెట్టాక నవ్వు కొంచెం తగ్గింది. ఎందుకంటే మామ అందరినీ పండబెడుతున్నాడు గానీ, ఆ ఇంట్లో ఆడవాళ్లు పగలు పడుకోవడానికే లేదు.

అది అవ్వ పెట్టిన చట్టం. సుబ్బయ్య తల్లి రామక్క కైరుప్పలలో పుట్టిన మనిషి. ఉగాది వెళ్లాక పిడకలతో కొట్టుకునే ఊళ్లో పెరిగింది కాబట్టి ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ముందు గది అంగడి, వెనక ఇల్లు, మధ్య గుమ్మంలో కుర్చీ, కుర్చీలో అవ్వ. "వచ్చేటోళ్లు పొయ్యేటోళ్లు సూస్తాండగా ఆడది నడుం వాలిస్తే ఇంటికి ఏం మర్యాద?" అంటుంది. సుబ్బయ్య భార్య ఉమాదేవి ఆ ఇంటికొచ్చాక పొద్దు ఉండగా పడుకున్నది లేదు. మిల్లు యజమానుల్ని గడగడలాడించే సుబ్బయ్య తల్లి ముందు "ఊ" తప్ప మాట్లాడడు.

నవ్యశ్రీ ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. ఆ బడిలో టీచర్లు కూర్చుంటే పిల్లలు నిద్రపోతారని తరగతుల్లో కుర్చీలు తీసేశారు. రోజంతా బోర్డు ముందు నిలబడాలి. సాయంత్రం ఆదోని బస్సులో సీటు దొరకదు, మళ్లీ నిలబడాలి. ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడాలి. దసరా సెలవులకు ముందే ఆమె పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం మానేశాయి.

సుబ్బయ్యే ఆమెను శామ్యూల్ దగ్గరికి తీసుకుపోయాడు. అన్నీ చూసి డాక్టరు "జబ్బేమీ లేదమ్మా, ఇది నిలబడే ఉద్యోగం. ఇంటికి పోగానే కాసేపు కాళ్లు చాపి పడుకో, చాలు," అన్నాడు.

అవ్వకు ఆ మందు నచ్చలేదు. "పండుకునేంత కష్టముంటే ఆ ఉద్యోగమే వద్దు. ఉగాది దాకా సూస్తా. కాళ్లు ఇట్లే ఉంటే మానుకోవాల్సిందే," అని తీర్పు చెప్పింది. నవ్యశ్రీకి బోర్డు మీద లెక్క తెగేటప్పుడు పిల్లల కళ్లలో వెలిగే వెలుగంటే ప్రాణం. ఆ మాటకు ఆమె తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయింది. సుబ్బయ్య "ఊ" అన్నాడు, అంతే.

మర్నాడు ఆమె బస్సు దిగి వచ్చేసరికి వెనక గదిలో మంచం, మంచానికి అడ్డంగా పరదా, పరదా కింద నుంచి నాలుగు వైర్లు.

"అమ్మా, కోడలికి కొలత తియ్యాల. నీళ్లెట్ల దిగుతాండాయో చూస్తే గదా ఉద్యోగం సంగతి తేలేది," అన్నాడు సుబ్బయ్య తల్లితో.

"పండుకోవాల్నా?"

"పండుకోకపోతే మిషను అబద్ధం సెప్తాదమ్మా."

అబద్ధం మాట వినగానే అవ్వ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "అట్లయితే సరే. అది పండుకునేది కాదులే, కొలిచేది."

నవ్యశ్రీకి మాత్రం ఒళ్లు మండింది. "నేను అంత లావున్నానా?" అని మొగుణ్ని నిలదీసింది. "నాయన డాక్టర్నే పండబెట్టినాడు, నువ్వెంత," అన్నాడు విఘ్నేష్.

రోజూ అదే తంతు. ఉమాదేవి పరదా లోపలికొచ్చి చేతికీ కాలికీ క్లిప్పులు తగిలించి, కాళ్ల కింద దిండు పెట్టి పోతుంది. బయట యంత్రం ముందు సుబ్బయ్య, కొంచెం దూరంలో అవ్వ. పది నిమిషాల తర్వాత సుబ్బయ్య యార్డులో వేలం పాడినట్టు ప్రకటిస్తాడు: "కొవ్వు ఇరవై ఆరుంబావు. కాళ్లలో నీళ్లు సర్దుకుంటాండాయి."

పరీక్షల రోజుల్లో "ఈ పొద్దు నీళ్లు శానా దిగినాయి, ఇరవై నిమిషాలు కావాల" అనేవాడు. ఆదివారం అక్కర్లేదనేవాడు. బయటివాళ్లకు కొలతలు మొత్తం ఆపేశాడు. భీమప్ప తనంతట తనే వచ్చి బోరేల మీద పడుకున్నా, "మిషను ఒకరికే అలవాటు పడాలప్పా" అని లేపి పంపించాడు. సంక్రాంతికి అరిసెలు దండిగా తిన్నా తన కొవ్వు ఇరవై ఆరుంబావు దాటకపోవడం లెక్కల టీచరుకు కొంచెం వింతగానే తోచింది. కానీ పాదాల వాపు తీస్తోంది. చెప్పులు పడుతున్నాయి. ఊరుకుంది.

ఉగాదికి ముందు శనివారం బడి ఒంటిపూటే. మామ ఎమ్మిగనూరు యార్డుకు పోయాడు. నిలబడితే ఎంత, పడుకుంటే ఎంత అని గ్రాఫు గీసి పిల్లలకు చూపిద్దామని నవ్యశ్రీ యంత్రం తీసింది. వెలగలేదు. వెనక మూత తీస్తే సెల్లులు లేవు.

"అత్తయ్యా, దీని సెల్లులేవి?"

ఉమాదేవి బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. "గడియారంలో ఉండాయి."

"ఎప్పుడు ఏసినారు?"

"నీ కొలతలు మొదలైన రెండో రోజే గోడ గడియారం ఆగిపోయె. మీ మామే దీంట్లోవి పీకి ఇచ్చినాడు. గడియారం ఆగితే పది నిమిషాలయింది ఎట్ల తెలుస్తాది అన్నాడు."

నవ్యశ్రీ ఆ నల్లటి తెర వంకే చూస్తూ నిలబడింది. సొంత బావమరిదికి కూడా తేమ తగ్గించి చెప్పని మనిషి, దసరా నుంచి ఉగాది దాకా రోజూ ఇంటిల్లిపాదికీ వినబడేలా అబద్ధపు అంకె చదివాడు.

"అట్ల నిలబడొద్దు తల్లీ," అంది ఉమాదేవి. "నీళ్లు దిగుతాయి."

ఆ సాయంత్రం సుబ్బయ్య యార్డు నుంచి రాగానే అవ్వ పంచాయితీ పెట్టింది. "ఉగాది వచ్చె. ఒరే సుబ్బా, ఈ పొద్దు బాగా సూసి సెప్పు. మిషను ఏమంటే అదే."

నవ్యశ్రీ పరదా వెనక పడుకుంది. అవతల వెలగని యంత్రం మీదికి సుబ్బయ్య కళ్లజోడు సవరించుకుని వంగిన నీడ కనిపిస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"నీళ్లు యాడుండాల్నో ఆడే ఉండాయమ్మా," అన్నాడు. "ఉద్యోగానికేం అడ్డం లేదు. కాకుంటే ఈ కొలత మాత్రం ఎప్పటికీ మానకూడదు."

"పాదాలు సూపీయ్," అంది అవ్వ. పరదా పక్కకు జరిపి, నవ్యశ్రీ పాదాన్ని వేలితో నొక్కి చూసింది. వేలి గుంట పడలేదు. "మిషను నిజమే సెప్తాంది," అని ఒప్పుకుంది. పోకుండా అక్కడే నిలబడింది.

"ఏంటికమ్మా?" అన్నాడు సుబ్బయ్య.

"నా కాళ్లల్లోకి కూడా నీళ్లు దిగినట్టుండాయి రా," అంది అవ్వ, ఎటో చూస్తూ. "పండుకునేదానికి కాదు. కొలిచేదానికే."

నవ్యశ్రీ లేచి మంచం ఇచ్చింది. ఉమాదేవి క్లిప్పులు తగిలించింది. చేతులు బారచాపి, కాళ్లు ఎడం చేసి, ఆ ఇంటి మర్యాద మొత్తం మంచం మీద వెల్లకిలా పడుకుంది.

సుబ్బయ్య యంత్రం ముందు నుంచి లేచి కోడలికి చోటిచ్చాడు. "లెక్కల టీచరువు, నువ్వు సూడు," అన్నాడు, ఆమె కళ్లలోకి చూడకుండా.

నవ్యశ్రీ వెలగని తెర మీదికి వంగింది. లోపల నుంచి అప్పుడే సన్నగా గురక మొదలైంది.

"ఎంత సెప్తాందమ్మా?" అన్నాడు సుబ్బయ్య.

"ఇంకా తేలలేదు మామా," అంది నవ్యశ్రీ. "అవ్వకు గంట పట్టేటట్టుంది."

గోడ మీద గడియారం యంత్రం సెల్లులతో నిక్షేపంగా నడుస్తోంది.