పాటు వేళ చూసిన గేజీ

మాది కొత్తపేట వైపు. అక్కడ గోదావరి పెరిగితే పెరిగినట్టు, తగ్గితే తగ్గినట్టు. ఎగువన కొండల్లో వానలు పడతాయి, కొన్నాళ్ళకి మా దగ్గర ఎర్రనీరు వస్తుంది, తర్వాత తీస్తుంది. అందుకే రాజోలు దిగువన, సముద్రానికి దగ్గర్లో, గేజీ చూసే ఉద్యోగం వచ్చినప్పుడు ఇందులో నేర్చుకోవడానికేముందిలే అనుకున్నాను. రేవు పక్కన నీళ్ళలో సెంటీమీటర్ల గీతలున్న స్తంభం. నీరు ఏ గీత దగ్గరుందో చూసి ఆఫీసుకి ఫోన్లో చెప్పాలి. కళ్ళున్నవాడెవడైనా చేసే పనే. ఆ పొగరే కొంప ముంచింది. నా కొంప అయితే బాగుండేది.

రేవుకి ఎదురుగా, ఏటి మధ్యలో లంక. అక్కడ ఒకావిడ ఒంటరిగా ఉండేది. నేను పిన్నిగారనేవాణ్ణి. ఆవిడకి ఆధారం రెండు గేదెలు, అందులో ఒకటి నిండు చూడిది. నేను చేరిన ఏడే వరదొస్తే వాటిని ఏటిగట్టు మీదకి తోలుకొచ్చి కట్టేసింది. మూడో రోజు పొద్దున్న చూస్తే నీరు పది సెంటీమీటర్లు తగ్గింది. నాకు మహా సంబరం. ఆవిడ దగ్గరకొచ్చింది.

"మేత లేక నకనకలాడిపోతున్నాయండి. లంకలోకి తోలుకెళ్ళిపోమంటారా?"

"తగ్గుతోంది కదా, తోలుకెళ్ళండి."

"ఇప్పుడు పాటు కదండీ. సముద్రం నీళ్ళు లాగేసుకుంటాది. మజ్జానం పోటుకి కూడా ఓసారి చూసి చెప్తారా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గేజీ చూడ్డం మీకు తెలుసా, నాకు తెలుసా?" అన్నాను. ఆవిడ "ఆయ్" అని, పడవ వెనకాల గేదెల్ని ఈదించుకుంటూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం సముద్రం పోటెత్తింది. దిగువకి పోవాల్సిన వరద పోలేక వెనక్కి తన్నింది. పొద్దున్న తగ్గిన పది సెంటీమీటర్లూ పూడిపోయి, నీరు ఇంకా పైకి పాకింది. నేను పడవవాణ్ణి బతిమాలి లంకకి వెళ్ళేసరికి ఆవిడ నడుంలోతు నీళ్ళలో రెండు పలుపులూ పట్టుకుని నిలబడి ఉంది. ఎలాగో గట్టుకి చేర్చాం. చూడిగేదె మాత్రం ఒడ్డెక్కగానే కూలబడింది. ఎంత అదిలించినా లేవలేదు. అది పోతే ఆవిడ బతుకు నా నోటి దురుసువల్ల పోయినట్టే. దాని పక్కన కూర్చుని, సిగ్గు విడిచి ఏడ్చాను.

పొద్దుగూకే వేళకి అది తనంతట తనే లేచింది. నన్ను నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఆవిడ తిట్టలేదు. "గోదారి కొండల మాట వింటాదండి, సముద్రం మాటా వింటాదండి. తమరు ఒకళ్ళ మాటే విన్నారు," అంది, నాకు గ్లాసుతో టీ ఇప్పిస్తూ.

అప్పట్నుంచి రిజిస్టర్‌లో ప్రతి అంకె పక్కనా పోటో పాటో రాస్తాను. దానికి గడి లేదని ఆఫీసులో ఒకాయన విసుక్కున్నాడు. మార్జిన్‌లో రాస్తున్నాను. నా తర్వాత వచ్చేవాడికి పనికొస్తుంది.

మొన్న వరదకి మళ్ళీ అదే పొద్దు, అదే తగ్గుదల. పిన్నిగారు వచ్చింది. "మధ్యాహ్నం దాకా ఆగండి," అన్నాను. ఇద్దరం రేవు మెట్ల మీద కూర్చుని పోటు కోసం ఎదురుచూశాం. పోటు వచ్చింది. నీరు నిన్నటి పోటు గీతకి జానెడు కిందే ఆగిపోయింది. చాలాసేపు చూశాను, పైకి రాలేదు.

"ఇక తోలుకెళ్ళండి," అన్నాను.

"గేజీ చూడ్డం తమకి తెలుసాండీ, నాకు తెలుసాండీ?"

"మీకేనండి."

ఆవిడ పకపకా నవ్వి పలుపులు విప్పింది. అన్నిటికంటే ముందు నీళ్ళలోకి దిగిన గేదె, ఆనాడు తల్లి కడుపులో ఉన్నదే. ఇప్పుడు అదీ చూడిదే.