లెక్కలోకి రాని మార్కులు

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివింది తమిళం. తొంభైల్లో విరుదునగర్‌లో డిగ్రీలో చేరినప్పుడు మొదటి భాషగా తమిళమైనా తెలుగైనా తీసుకోవచ్చన్నారు. నూలు మిల్లులో పనిచేసే మా నాయన, "మన బాసనే ఎత్తుకో పాపా. అవ్వ ఇడిచిపోయిన తెలుగు బైబిలు సదివేదానికి ఇంట్లో ఎవురూ లేరు గదా" అంటూ దాన్ని పెట్టెలోంచి బయటికి తీశాడు. మాట్లాడే భాషే కదా, మార్కులు సులువుగా వస్తాయని నేనూ సరేనన్నాను.

ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటుండగానే మొదటి పరీక్ష వచ్చిపడింది. జవాబులన్నీ తెలుసు, చెయ్యే సాగలేదు. ఆ తెలుగు జవాబులనే తమిళ అక్షరాల్లో రాసిచ్చాను. మా తెలుగు మేడమ్‌ది నెల్లూరు, ఆవిడకి తమిళం చదవడం రాదు. నన్ను నిలబెట్టి నా పేపరు నాచేతే చదివించారు. క్లాసంతా ఒకటే నవ్వు.

"జవాబులు సరిగ్గానే ఉన్నాయమ్మా. కానీ తెలుగు లిపిలో రాయందానికి మార్కులు వేయకూడదు, అది రూలు" అంటూ సున్నా చుట్టారు.

ఈ సున్నాతో ఫస్ట్ క్లాసు పోతుందని హడలిపోయి మర్నాడే తమిళానికి మారిపోయాను. "సరి పాపా, ఇడిచిపెట్టు" అని నాయన బైబిలును మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

ఫస్ట్ క్లాసుకి మెయిన్ సబ్జెక్టు మార్కులే చూస్తారని, భాషలో పాసైతే చాలని చివరి ఏడాదిలో గానీ నాకు తెలియలేదు.

ఉద్యోగంలో చేరాక పట్టుబట్టి తెలుగు నేర్చుకుని ఆ బైబిలు తీశాను. మిల్లు రొదలో నాయన చెవులు అప్పటికే పోయాయి. నేను చదువుతుంటే ఎదురుగా కూర్చుని నా పెదాలే చూస్తుంటాడు.